వరలక్ష్మి పెరట్లో వేపమొద్దు

జహీరాబాద్ బజార్లో నిలబడి "మాణిక్!" అని కేకేస్తే ఒక పండ్ల బండివాడు, ఒక ఆటో డ్రైవరు, టీకొట్టు ముందు కూర్చున్న ఇద్దరు ముగ్గురు తలలు తిప్పుతారు. ఆ వైపు అంతమంది మాణిక్‌లు. "పచ్చర్ మాణిక్" అని పిలిస్తే మాత్రం ఎవరూ పలకరు. ఎందుకంటే ఆ మాణిక్ బజారుకు రాడు. రాయికోడ్ పోయే రోడ్డు మీద రామ్‌కిషన్ సేఠ్ కట్టెల అడితి ఉంది కదా, అందులో వెనక మూల, మొద్దుల మధ్య ఉంటాడు.

పచ్చర్ అంటే పెద్ద విడ్డూరమేమీ కాదు. ఒక కొస పలచగా, ఇంకో కొస మందంగా ఉండే మేకు. మొద్దు మీద సన్నటి బీట ఎక్కడుందో చూసి, పలచటి కొసను అందులో నిలబెట్టి, మందపు కొస మీద సమ్మెటతో కొట్టాలి. బీట పెద్దదవుతుంది. కొంచెం ముందు ఇంకో పచ్చర్ పెట్టి మళ్ళీ కొట్టాలి. రెండోది దిగేసరికి మొదటిది వదులై చేతికొస్తుంది, దాన్ని తీసి మరింత ముందుకు పెట్టాలి. అలా ఒకదాని వెనక ఒకటి నడిపించుకుంటూ పోతే, గొడ్డలిని వెక్కిరించిన మొద్దు కూడా చివరికి రెండుగా విడిపోతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి నడుం, ఓపిక రెండూ కావాలి.

మాణిక్‌కు ఈ పని తండ్రి నుంచి వచ్చింది. వాళ్ళది న్యాల్‌కల్ మండలంలో కర్ణాటక పొలిమేరకు దగ్గరగా ఉన్న ఊరు. వానను నమ్ముకున్న చేను తండ్రికి సగం తిండి పెడితే, మిగతా సగం పచ్చర్లు పెట్టాయి. పాత లారీ కమాన్ పట్టీలు తెచ్చి కమ్మరితో కొట్టించిన ఇనుప పచ్చర్లు కొన్ని, ఎండిన తుమ్మ చేవతో చెక్కుకున్న కర్ర పచ్చర్లు కొన్ని. తండ్రి పోయాక చేను అన్నదమ్ముల్లో ముక్కలైంది. మాణిక్ గోనెసంచిలో పచ్చర్లు వేసుకుని, భార్య యాదమ్మను తీసుకుని జహీరాబాద్ వచ్చాడు. వచ్చిన కొన్నేళ్ళకే యాదమ్మకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే అక్కడ ఉంచుకున్నారు, తర్వాత మనిషిని ఇవ్వలేదు, శవాన్ని ఇచ్చారు. పిల్లలు లేరు.

అప్పటి నుంచి హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్డు వెనక ఒక రేకుల గదిలో ఉంటున్నాడు. బొంబాయి పోయే లారీలు, హైదరాబాద్ పోయే లారీలు ఆ షెడ్డు ముందు ఆగుతాయి. డ్రైవర్లు దిగుతారు, ఏ భాషలోనో అరుచుకుంటారు, టైరు మార్చుకుని పోతారు. పొద్దున చూసిన మొహం సాయంత్రానికి ఉండదు. అడితిలో ఉన్న మొహాలు రోజూ ఉండేవే, కానీ మాణిక్‌తో మాట్లాడాల్సిన అవసరం వాళ్ళకు లేదు. రామ్‌కిషన్ సేఠ్ కూర్చున్న చోటి నుంచి లేవకుండా గడ్డంతో ఒక మొద్దును చూపిస్తాడు. అంటే దాన్ని చీల్చమని అర్థం. మాణిక్ తలూపుతాడు. ఆ రోజుకు సంభాషణ అయిపోయినట్టే.

పాపం, మాణిక్ మూగవాడేమీ కాదు. మాట్లాడే అలవాటు తప్పింది, అంతే. ఎవరింటికైనా పోదామంటే పని లేకుండా ఎలా పోవాలో అతనికి తెలియదు. గోనెసంచి భుజాన లేకుండా ఎవరి గేటు ముందైనా నిలబడితే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియని మనిషి.

ఇట్లాంటి మనిషికి ఆ ఎండాకాలం వరలక్ష్మి ఇంట్లో పని దొరికింది.

వరలక్ష్మిది గోదావరి వైపు. ఆమె భర్త శేషగిరిరావు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, ఆ ఉద్యోగంతోనే కాలనీలో చిన్న ఇల్లు కట్టాడు. రిటైరైన మరుసటి ఏడాదే గుండెపోటుతో పోయాడు. సంతానం లేదు. "అక్కడ ఒక్కదానివే ఎందుకు, మనవైపు వచ్చెయ్" అని అక్కచెల్లెళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఆమె సరే సరే అంటూనే ఉండిపోయింది. ఆయన కట్టిన గోడలు వదిలి ఒకరి ఇంట్లో ఒక గది కోసం పోవడం ఆమెకు ఇష్టం లేదు. కానీ ఆ గోడల మధ్య పొద్దు పోవడం ఎంత కష్టమో మాత్రం ఫోన్లో ఎవరికీ చెప్పలేదు.

ఆమె పెరట్లో పెద్ద వేపచెట్టు ఉండేది. ఉగాది దాటాక ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, చెట్టుకు ఒకవైపు వేళ్ళు పైకి లేచిపోయాయి. చెట్టు పక్కింటి వైపు ఒరిగింది. పక్కిల్లు జగన్‌మోహన్‌ది. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు అతనిది, చెట్టు ఒరిగిన వైపే అతని రేకుల షెడ్డు ఉంది. తెల్లారగానే గోడ మీది నుంచి తల పెట్టి చూశాడు.

"మేడం, ఇది ఇయ్యాల రేపట్ల నా రేకుల మీద పడ్తది. లోపట మోటార్లున్నయ్. జర జల్ది కొట్టించుండ్రి" అన్నాడు.

మిషన్ రంపంవాళ్ళు వచ్చి చూసి, ఒరిగిన వైపే పడుతుంది, మా పూచీ లేదు అని పోయారు. చివరికి రామ్‌కిషన్ సేఠ్ మాణిక్‌ను పంపాడు, తాడు లాగడానికి ఇద్దరు హమాలీలను కూడా.

మాణిక్ చెట్టు చుట్టూ చాలాసేపు తిరిగాడు. తర్వాత పైకొమ్మకు తాడు కట్టించి, పెరటి వైపు చెట్టు మొదలును గొడ్డలితో తెరిచిన నోరులా చెక్కాడు. అవతలి వైపు నుంచి రంపం పెట్టించాడు. రంపం కొంచెం లోపలికి పోగానే ఆ గాటులో రెండు ఇనుప పచ్చర్లు పెట్టాడు. చెట్టు తన బరువుతో రంపాన్ని నలిపేయకుండా అవి ఆపుతాయి. ఆ తర్వాత దీని మీద ఒక దెబ్బ, దాని మీద ఒక దెబ్బ. ప్రతి దెబ్బకూ చెట్టు కంటికి కనిపించనంతగా లేచేది. జగన్‌మోహన్ రేకుల వైపు ఒరిగిన చెట్టు మెల్లగా నిటారుగా నిలబడింది, ఒక్క క్షణం ఎటు పోవాలో తేల్చుకోనట్టు ఆగింది, ఆ తర్వాత వరలక్ష్మి పెరట్లోకి, నీళ్ళ ట్యాంకుకూ బట్టలుతికే బండకూ నడుమ ఉన్న ఖాళీలోకి పడిపోయింది. ట్యాంకుకు గీత పడలేదు.

వంటింటి గుమ్మంలో చెవులు మూసుకుని నిలబడిన వరలక్ష్మి చేతులు తీసింది.

"అబ్బ! ఎంత చక్కగా పడుకోబెట్టావయ్యా" అంది.

మాణిక్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. మెచ్చుకున్న మనిషి వైపు చూడటం కూడా మర్యాదో కాదో తెలియక, పచ్చర్లు ఏరుకునే నెపంతో కిందికి వంగాడు.

కొమ్మలు, ఆకులు హమాలీలు ఎత్తుకుపోయారు. మానే మిగిలింది. సామిల్లువాడు వచ్చి దాన్ని చేత్తో తడిమి, వద్దన్నాడు. శేషగిరిరావుకు ఆ చెట్టే సొరుగు, చెట్టే గోడ. బట్టల తాడుకు ఒక మేకు, బల్బుకు ఒక మేకు, తువ్వాలుకు ఒక మేకు, ఎప్పుడో పక్షులకు నీళ్ళ డబ్బా కట్టడానికి ఇంకో మేకు. ఒక్క మేకు తగిలినా మిల్లు బ్లేడు పోతుంది. కాబట్టి మానును అక్కడే చీల్చి కట్టెలు చేసి అడితికి వేయాలి. మాణిక్ పనిని గుత్తకు ఒప్పుకున్నాడు. ఎన్నాళ్ళు పట్టినా ఒకటే కూలి. ఈ మాట గుర్తుంచుకోండి, లేకపోతే మాణిక్‌ను మీరు దొంగ కింద జమకడతారు.

మొదటి రోజు ఇనుప పచ్చర్లతోనే మొదలుపెట్టాడు. చివర సన్నగా ఉన్న భాగంలో కట్టె నారకు ఒక్క మెలిక లేదు, మధ్యాహ్నానికే తెల్లగా విచ్చుకుంది. వరలక్ష్మి స్టీలు గ్లాసులో టీ తెచ్చి, వసారా మెట్టు మీద పెట్టి, లోపలికి పోలేదు. పై మెట్టు మీద కూర్చుంది.

"మా ఆయన ఈ చెట్టు కిందే గడ్డం గీసుకునేవారు. అద్దం ఇదిగో, ఈ మేకుకి" అని చెప్పింది.

"మేకు మంచిగ దింపిండు సారు. వస్తలేదు" అన్నాడు మాణిక్.

ఆమె నవ్వింది. ఫ్యాక్టరీ గురించి చెప్పింది. నైట్ షిఫ్టు అయి పొద్దున్నే వచ్చి ఆయన గేటు దగ్గర్నుంచే పేరు పెట్టి అరిచేవాడని, కాలనీ అంతా వినేదని, తను సిగ్గుపడి తిట్టేదని చెప్పింది. ఇప్పుడు గేటు చప్పుడైతే పాలవాడో కరెంటు బిల్లువాడో అంతే అంది. తర్వాత ఉన్నట్టుండి, "నీ సంగతి చెప్పవయ్యా. ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న అతన్ని అంతవరకు ఎవరూ అడగలేదు. అడితిలో అందరికీ జవాబు తెలుసు, షెడ్డు దగ్గర ఎవరికీ అవసరం లేదు. మాణిక్ గ్లాసు అంచు తుడుస్తూ కూర్చున్నాడు.

"ఎవ్వరు లేరమ్మా. యాదమ్మ ఉండే. పోయింది" అన్నాడు.

యాదమ్మ అన్న పేరు తన నోటి నుంచి బయటికి వచ్చి ఎన్నేళ్ళయిందో అతనికే తెలియదు. వరలక్ష్మి అయ్యో పాపం అనలేదు. "ఏం వండేది బాగా?" అని అడిగింది. ఏం వండేదో చెప్పడానికి మాణిక్‌కు చాలా సమయం పట్టింది. జొన్నరొట్టె ఎంత పలచగా కొట్టేదో చేత్తో చూపించాడు. చెబుతూ చెబుతూ తను నవ్వుతున్నానని గమనించి ఆగిపోయాడు.

సాయంత్రం పని ముగించి మానును చూశాడు. ఇనుప పచ్చర్లతో ఇలాగే కొడుతూ పోతే రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ఆ సంగతి తెలిసినప్పుడు గుండె దిగాలుపడింది. పని త్వరగా అయిపోతుందని దిగులుపడిన కూలివాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేనూ చూడలేదు.

మర్నాడు గోనెసంచిలో కర్ర పచ్చర్లు తెచ్చాడు. అవి వాడి ఎన్నో ఏళ్ళయింది. తండ్రి కాలపు పద్ధతి అది. బీటలో ఎండిన తుమ్మ పచ్చర్లు బిగించి, పైన గోనెపట్టా కప్పి, సాయంత్రం నీళ్ళు పోసి వదిలేయాలి. రాత్రంతా పచ్చర్ నీళ్ళు తాగి ఉబ్బుతుంది, తెల్లారేసరికి మొద్దు దానంతటదే పగులుతుంది. ఇనుము దొరకని రోజుల్లో, ఒంట్లో బలం తగ్గిన రోజుల్లో అలా చేసేవాళ్ళు. ఇప్పుడు మాణిక్ సంచిలో ఇనుముంది, ఒంట్లో బలముంది. ఆ పద్ధతికి ఉన్న గొప్పతనమల్లా ఒకటే, తెల్లారేదాకా ఆగాలి.

"ఈడ ముడులున్నయమ్మా. ఇనుము పెడితే పక్కకు పోతది. కర్ర పచ్చరే మంచిది. పొద్దుమీకి నేను పోయినంక జర మీరే ఒక బిందె నీళ్ళు పోయాలె" అన్నాడు. ముడులున్న మాట నిజమే. ఇనుము పక్కకు పోతుందన్నది అబద్ధం. మాణిక్ తన వయసులో ఆడిన అబద్ధాలు తక్కువ, అందుకే చెబుతూ సమ్మెట కర్ర వైపు చూశాడు.

"అలాగేనయ్యా" అంది వరలక్ష్మి, ఎంతో ముఖ్యమైన బాధ్యత అప్పగించినట్టు.

ఆ రోజు నీళ్ళు పోసింది. తెల్లవారుజామున కాఫీ కలుపుకుంటుంటే పెరట్లో టప్పుమని చప్పుడైంది. పరుగెత్తుకొచ్చి చూస్తే మాను ఒక మూరెడు మేర విచ్చుకుని ఉంది. మాణిక్ రాగానే ఆ చప్పుడు ఎలా వచ్చిందో నోటితో చేసి చూపించింది, చిన్నపిల్లలా. ఇద్దరూ ఆ బీటను చూశారు. ఆ తర్వాత, ఎందుకో, ఇద్దరూ మిగిలిన మాను ఎంతుందో చూశారు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. మధ్యాహ్నం ఆమె పెట్టే అన్నం తినేవాడు. ఆమె గోంగూరకు అతని కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. "మా వైపు కారం అంతేనయ్యా" అని ఆమె పెరుగు వడ్డించేది. ఒకసారి అతను అల్లం చేలో పనిచేసే వాళ్ళ దగ్గర్నుంచి మట్టి వాసన పోని పచ్చి అల్లం తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని కడిగి, టీలో దంచి వేసి, అల్లం టీ అంటే ఇదీ అని తనను తనే మెచ్చుకుంది. కబుర్లలో పెద్ద విషయాలేమీ లేవు. ఎండ, కరెంటు, ఆమె ఊళ్ళో కాలువ, అతని ఊళ్ళో కరువు. కానీ రాత్రి రేకుల గదిలో పడుకున్నప్పుడు ఆ మాటలే ఒకటొకటిగా నెమరేసుకునేవాడు.

ఒక రోజు పొద్దున వచ్చి చూస్తే మాను పగలలేదు. మాణిక్ గోనెపట్టా మీద చెయ్యి వేశాడు. అది పొడిగా, కరకరలాడుతూ ఉంది. పట్టా ఎత్తి పచ్చర్‌ను వేలితో తాకాడు. చుక్క నీళ్ళు తాగిన ఆనవాలు లేదు. తల ఎత్తితే వరలక్ష్మి గుమ్మంలో ఉంది. కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

మాణిక్‌కు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఈ లోకంలో తను వెళ్ళిపోకూడదని అనుకునే మనిషి ఇంకొకరున్నారు.

"ఎండలు గట్టిగున్నయమ్మా. నీళ్ళు పోసినయ్ పోసినట్టె ఆరిపోతున్నయ్" అన్నాడు.

"అవునయ్యా, అదే నేనూ అనుకుంటున్నా" అంది ఆమె, మొహం తిప్పుకుని లోపలికి పోతూ.

ఆ విషయం మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. కొన్ని సాయంత్రాలు నీళ్ళు పడేవి, కొన్ని సాయంత్రాలు పడేవి కావు. పడని రోజు ఎండదే తప్పు.

గోడ అవతల జగన్‌మోహన్‌కు మాత్రం ఈ ఎండ లెక్క అర్థం కాలేదు. మంచివాడే. కాకపోతే పని అంటే అయిపోవాలనుకునే మనిషి, పైగా పక్కింట్లో ఏం జరుగుతోందో చూడకుండా ఉండలేని మనిషి. "ఒక్క మొద్దుకు గిన్ని దినాలా మేడం? చెదలు పడితే మీ ఇంటికీ వస్తయ్, మా ఇంటికీ వస్తయ్" అన్నాడు. ఇంకో రోజు, "కాలనీల అందరు అడుగుతున్నరు" అన్నాడు. ఏమని అడుగుతున్నారో చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండానే వరలక్ష్మి మొహం పాలిపోయింది.

ఆ వారంలోనే రాయికోడ్‌లో ఒక పెళ్ళికి వంట చెరకు కావాలని రామ్‌కిషన్ సేఠ్ మాణిక్‌ను అక్కడికి పంపాడు. రెండు రోజుల పని. తిరిగొచ్చిన మాణిక్ పొద్దున్నే గోనెసంచి భుజాన వేసుకుని వరలక్ష్మి గేటు తీశాడు. పెరట్లో మాను లేదు. ఊడ్చిన నేల ఉంది. గోడ మూలన పొట్టు కుప్పగా ఉంది.

"నిన్న జగన్‌మోహన్ గారు మిషన్ రంపంవాళ్ళని తీసుకొచ్చారయ్యా" అంది వరలక్ష్మి. "మేకు తగిలి గొలుసు తెగిపోయింది. ఇంకోటి వేసుకుని కోసేశారు. ఒక్క పూటలో అయిపోయింది. పాపం ఆయన సాయం చేశారు, వద్దని ఎలా అంటాను?"

"మంచిగైంది అమ్మా" అన్నాడు మాణిక్.

ఆమె కూలి డబ్బులు ఇవ్వబోయింది. అతను తీసుకోలేదు. పని తను పూర్తి చేయలేదన్నాడు. గేటు పక్కన ప్లాస్టిక్ బకెట్లో రంపంవాళ్ళు ఊడబీకి పడేసిన కర్ర పచ్చర్లు ఉన్నాయి. ఒకటి చివర నలిగిపోయింది. వాటిని సంచిలో వేసుకున్నాడు. వేసుకోవడానికి ఎంత సమయం పట్టించగలడో అంతా పట్టించాడు. ఆ తర్వాత అక్కడ నిలబడటానికి అతనికి కారణం లేదు. గోడ మీద జగన్‌మోహన్ తల ఉంది.

మాణిక్ మళ్ళీ అడితి వెనక మూలకు వచ్చాడు. మొద్దులు అవే, సేఠ్ గడ్డం అదే. ఇంతకు ముందు ఏళ్ళ తరబడి అలాగే బతికాడు, ఏమీ కాలేదు. ఇప్పుడు మాత్రం మధ్యాహ్నం పూట సద్ది విప్పితే ముద్ద దిగేది కాదు. ఒంటరితనం అతనికి కొత్త కాదు. కానీ అది నొప్పి పుట్టిస్తుందని అంతకు ముందు తెలియదు. చెప్పాలనుకున్న చిన్న చిన్న మాటలు లోపల పేరుకునేవి. రాయికోడ్ పెళ్ళిలో వంటవాడు జారిపడ్డ సంగతి ఉంది, ఆమె వింటే ఎంత నవ్వేదో. ఎవరికి చెబుతాడు?

ఒక ఆదివారం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో ఏమీ లేకుండా కాలనీ వైపు నడిచాడు. గేటు ముందు దాకా పోయాడు. లోపల వరలక్ష్మి వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తి చూసింది. చేట ఒళ్ళో అలాగే ఉండిపోయింది. అతను గడియ మీద చెయ్యి వేసేలోపే పక్క గేటు నుంచి జగన్‌మోహన్ పలకరించాడు.

"ఏం మాణిక్, ఏం పని మీద వచ్చినవ్?"

అతని గొంతులో కోపం లేదు. మామూలు ప్రశ్న. ఏ మనిషైనా ఏ పని మీద వచ్చాడని అడగడం తప్పు కాదు. మాణిక్ నోరు తెరిచాడు. ఊకెనే వచ్చిన, పనేం లేదు అని చెప్పాలి. అంత చిన్న మాట. అది నాలుక దాటలేదు.

"ఏం లే సార్. గిట్ల పోతున్న" అన్నాడు.

నిజంగానే అట్లా పోయాడు. ఆ సందు చివర గోడ, దారి లేదు. అక్కడిదాకా పోయి, తిరిగి రావడానికి సిగ్గుపడి, గోడ నీడలో చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు తల ఎత్తలేదు. వసారాలో ఆమె ఉందో లేదో చూడలేదు. ఇంత పెద్ద ఊళ్ళో పని లేకుండా కూర్చోగలిగిన గడప తనకు ఒక్కటి కూడా లేదని ఆ రోజు అతనికి గట్టిగా తెలిసింది. రేకుల గదికి పోయి ఏడ్చాడు. మనిషి అంత వయసులో ఏడుస్తాడా అంటే, ఏడ్చాడు.

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున మాణిక్ అడితికి వచ్చేసరికి సేఠ్ ఎన్నడూ లేనిది లేచి నిలబడి ఉన్నాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"అరే మాణిక్, నీ కాలనీ అమ్మ నిన్న ఆటోల వచ్చింది. మొద్దు కావాలన్నది. ఎసొంటిదమ్మా అంటే, అన్నిట్ల మొండిది ఏదో అది ఇయ్యి అన్నది. గా చింత మొద్దు చూపించి, ఇది ఎవ్వరు కొంటలేరమ్మా, దీన్ని చీల్చుడు మస్తు కష్టం అని చెప్పిన. అయితే ఇదే ఇయ్యుమన్నది! గ్యాస్ పొయ్యి మీద వండుకునే మనిషికి చింత మొద్దు ఎందుకో సమజైతలేదు. ట్రాలీల ఏసి పంపిన. చీల్చెటందుకు నిన్నే రమ్మన్నది, పో."

మాణిక్ సంచి భుజాన వేసుకున్నాడు. గబగబా నడుస్తుంటే పచ్చర్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

పెరట్లో, వేపచెట్టు మొదలు తీసేసిన గుంట పక్కన, చింత మొద్దు కూర్చుని ఉంది. నల్లగా, గుండ్రంగా, ఇద్దరు మనుషులు చేతులు కలిపినా అందనంత. ఎక్కడ చూసినా ముడులు. వరలక్ష్మి వసారా పై మెట్టు మీద నిలబడింది. మనిషి చిక్కింది.

"వంటకి కట్టెలు కావాలయ్యా" అని గోడ అవతలికి వినబడేంత గట్టిగా అంది. "గ్యాస్ మీద పప్పు రుచిగా ఉండటంలేదు." తర్వాత రెండు మెట్లు దిగి, గొంతు తగ్గించింది. "ఆ రోజు నిన్ను పిలవలేకపోయాను. నోరు రాలేదు. రోజులకి రోజులు మాట్లాడకపోతే నా గొంతు నాకే కొత్తగా ఉంటోందయ్యా. ఏం చెయ్యాలో తెలీక ఇది కొన్నాను."

మాణిక్ తలూపాడు. తర్వాత మొద్దు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు, చేత్తో తడుముతూ, వంగి చూస్తూ. గోడ మీద జగన్‌మోహన్ తల లేచింది.

"ఇదెక్కడి మొద్దు మేడం? మాణిక్, ఇది ఎన్ని దినాలు పడ్తది?"

సరిగ్గా అప్పుడే మాణిక్‌కు కనిపించింది. వెనకవైపు, రెండు ముడుల నడుమ, బెరడు కింద పై నుంచి కింది దాకా పోయిన సన్నటి బీట. అడితిలో ఎవరూ దాన్ని ఆ వైపు తిప్పి చూసి ఉండరు. అక్కడ ఒక్క ఇనుప పచ్చర్ నిలబెట్టి గట్టిగా కొడితే, మధ్యాహ్నానికి మొద్దు రెండు చెక్కలవుతుంది. అతను దాని మీద బొటనవేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు.

"చెప్పలేం సార్. చింత మొద్దు" అన్నాడు.

లేచి ఇవతలి వైపు వచ్చాడు. అన్నిటికన్నా పెద్ద ముడి ఎక్కడుందో చూసుకున్నాడు. సంచిలోంచి కర్ర పచ్చర్ తీసి, దాని నడినెత్తి మీద నిలబెట్టి, సమ్మెట ఎత్తాడు.